లా బోయెమ్ (1926) మూకీకి తెలుగు కార్డులు: పని ఎందాకా వచ్చింది

ఈ మూకీలో బొమ్మల మధ్య వచ్చే మాటల కార్డులను తెలుగులో చేస్తున్నాం. ముందు వేగం సంగతి. కింగ్ విడార్ తీసిన ఈ సినిమాకి, ఆనాటి మిగతా మూకీల్లాగే, సెకనుకి ఇన్ని ఫ్రేములని ఖాయమైన లెక్క లేదు. 24లో నడిపితే వనభోజనం ఘట్టంలో కథానాయిక మీమీ గంతులు కీ ఇచ్చిన బొమ్మలా ఉన్నాయి. 20కి దించాక మనిషిలా కదిలింది. 95 నిమిషాల ప్రతి 114 నిమిషాలైంది. 22 కూడా బాగానే ఉంటుంది కానీ, 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు బొమ్మ వేసే) ప్రొజెక్టర్ మీద 20 అయితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా 3 సార్లు పడుతుంది. 22కి ఆ భాగహారం కుదరదు, కెమెరా తిరిగినప్పుడల్లా బొమ్మ తడబడుతుంది.

దించేముందు ఫైలు ఎలాంటిదో చూడాలి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ‘ఈ’ (E) మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ జరపండి. ప్రతి 6 ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు వస్తుంటే, ఎవరో ముందే 20 నుంచి 24కి సాగదీశారని అర్థం. అప్పుడు ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ (వీడియో మార్చే సాఫ్ట్‌వేర్)లో డెసిమేట్ ఫిల్టరు, సైకిల్ 6 పెట్టాలి: ప్రతి 6 ఫ్రేముల్లో నకలు ఒకటి తీసేస్తుంది. ఎంపీడెసిమేట్ మాత్రం వద్దు: కదలని కార్డులనూ నకళ్లే అనుకుని పీకేస్తుంది. నకళ్లు లేకపోతే, ఫ్రేముల సమయాలు మార్చే సెట్‌పీటీఎస్ ఫిల్టరుకి 1.2 గుణకం, దాంతోపాటు అవుట్‌పుట్ రేటు 20 అని చెప్పాలి. చెప్పకపోతే 24 నింపడానికి మళ్లీ నకళ్లు చేర్చి కూర్చుంటుంది.

పదును పెంచే ఫిల్టర్లు అన్నీ తీసేశాం. కెమెరామన్ సార్టోవ్ మీమీ వేషం వేసిన లిలియన్ గిష్‌ని మెత్తని ఫోకస్‌లో తీశాడు. పదును పెడితే ముఖం చుట్టూ తెల్లటి గీత వస్తుంది. కాంట్రాస్టూ అంతే. మీమీ చనిపోయే చివరి ఘట్టం కోసం గిష్ నోట్లో దూది పెట్టుకుని తడి లేకుండా చేసుకుందని విడార్ రాశాడు. కాంట్రాస్ట్ పెంచితే ఆ ఎండిన పెదవులు నల్లటి మచ్చగా మిగులుతాయి.

కార్డులు మూడు రీళ్లకి పూర్తయ్యాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైప్ చేస్తే ఒత్తులు విడిపోయాయి: కథానాయకుడి పేరు ‘రొడాల్ఫ్’లో ‘ల్ఫ’ రెండు ముక్కలైంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రాసి పీఎన్‌జీ బొమ్మగా తెస్తే ఆ గొడవ లేదు. ఖతి (ఫాంట్) పేరు ‘మండలి’. వరుసల మధ్య ఖాళీ అక్షరం ఎత్తుకి 1.6 రెట్లు, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. 30 అక్షరాల కార్డుకి 7 సెకన్లు చాలు.

అసలు చిక్కు ‘మీరు’, ‘నువ్వు’. ఇంగ్లిష్ కార్డులకి ‘యూ’ అనే ఒక్క మాటతో సరిపోయింది. మనకి కుదరదు. రొడాల్ఫ్, మార్సెల్, షోనార్, కొలీన్ అద్దె బాకీ పంచుకునే స్నేహితులు, ‘ఒరేయ్’ తప్ప ఇంకేదీ అతకదు. మీమీ, రొడాల్ఫ్‌లకి వనభోజనం దాకా ‘మీరు’, ఆ తర్వాత ‘నువ్వు’ పెట్టాం.

సంగీతం ఇంకా ముట్టుకోలేదు. పుచ్చీని ఒపేరా (1896) అతికిద్దామన్న ఆలోచన మానుకున్నాం. సినిమా ఫ్రెంచి రచయిత ముర్జేర్ కథల మీద ఆధారపడింది, పైగా మీమీ బండి పట్టుకుని పారిస్ వీధుల్లో ఈడ్చుకుంటూ రావడం ఒపేరాలో లేనే లేదు. వయొలిన్, హార్మోనియం చాలనుకుంటున్నాం. కొలతలన్నీ 20 ఫ్రేముల ప్రతి మీదే తీసుకోవాలి.