దొంగతనం కేసుల లెక్క కోసం తిరిగితే

దొంగతనం కేసుల్లో ఎన్నింటికి శిక్ష పడుతోంది? ఈ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టాను. జవాబు ఒక పట్టికలో దొరకలేదు. పోలీసుల లెక్క, కోర్టుల లెక్క, జైళ్ల లెక్క దేనికదే విడిగా ఉంటాయి.

పోలీసుల లెక్కకు జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) ఏటా ఇచ్చే ‘క్రైమ్ ఇన్ ఇండియా’ చూడాలి. ఆలస్యంగా వస్తుంది: 2022 లెక్కలు 2023 డిసెంబరులో బయటికొచ్చాయి. ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని సెక్షన్లున్నా అన్నిటికంటే పెద్ద నేరాన్నే లెక్కిస్తారు. మనిషిని చంపి నగలు పట్టుకుపోతే అది హత్యల పద్దులోకి పోతుంది, దొంగతనాల్లో కనిపించదు.

నేను బోల్తాపడింది శిక్షల శాతం దగ్గర. శిక్షపడ్డ కేసుల్ని ఆ ఏడు నమోదైన కేసులతో భాగించాను. అది తప్పు. ఆ ఏడు కోర్టులో విచారణ ముగిసిన కేసులతో భాగించాలి. వాటిలో ఏళ్లనాటి పాతవీ ఉంటాయి. పైగా ‘నేరం నిజమే, దొంగ ఆచూకీ లేదు’ అని పోలీసులు మూసేసిన కేసులు కోర్టులో విచారణదాకా రావు. దొంగతనాల్లో ఇలాంటివి బోలెడు. అందుకే శిక్షల శాతం పక్కనే ఛార్జిషీట్ల శాతం (పోలీసులు దర్యాప్తు ముగించిన కేసుల్లో ఛార్జిషీటు వేసినవెన్ని అన్నది) కూడా పెట్టుకుని చదవాలి. ఒక్కటే చూస్తే మోసపోతాం.

పాత ఏళ్లతో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు. 2014కు ముందు ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణ కూడా కలిసిన అంకె. పట్టికలోని జిల్లా పోలీసు జిల్లా, కలెక్టరు జిల్లా కాదు. సైబరాబాద్ పోలీసు కమిషనరేట్‌కు వేరే వరుస ఉంటుంది. 2024 జూలై 1 నుంచి సెక్షన్ల నంబర్లూ మారాయి: దొంగతనానికి శిక్ష చెప్పే పాత ఐపీసీ 379 ఇప్పుడు, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303(2).

పెండింగు కేసులకు, కోర్టుల లెక్కలు ఆన్‌లైన్‌లో చూపించే నేషనల్ జుడీషియల్ డేటా గ్రిడ్ ఉంది. అంకెలు మారుతూనే ఉంటాయి కాబట్టి చూసిన రోజే తేదీ వేసి దాచుకోవాలి. ఎన్‌సీఆర్‌బీయే ఇచ్చే జైళ్ల నివేదికలో ఖైదీల సంఖ్య డిసెంబరు 31 నాటిది. 2022లో దేశమంతా కలిపి 5,73,220 మంది ఉంటే 4,34,302 మంది విచారణ ఖైదీలే. మార్చిలో వచ్చి ఏప్రిల్లో బెయిలు మీద వెళ్లినవాళ్లు ఈ సంఖ్యలోకి రారు.

స్టేషన్ వారీ లెక్క వీటిలో ఉండదు కాబట్టి సమాచార హక్కు దరఖాస్తే గతి. జిల్లా ఆఫీసుకు 10 రూపాయలు కట్టాను. ‘ఐదేళ్ల దొంగతనాలను విశ్లేషించి ఇవ్వండి’ అని రాస్తే, కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర్లేదని తిప్పికొట్టారు. చట్టప్రకారం వాళ్ల మాటే సరైనది, ఉన్న రికార్డునే అడగాలి. రెండోసారి ఫలానా స్టేషన్ నెలవారీ నేర నివేదికల నకళ్లు కావాలని, నెలలు, ఏళ్లతో సహా రాశాను. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, కాదన్నా మొదటి అప్పీలుకు 30 రోజులు, ఆ తర్వాత సమాచార కమిషన్‌కు వెళ్లడానికి 90 రోజులు. దరఖాస్తు అందినట్టు రసీదు చేతిలో లేకపోతే ఈ రోజుల లెక్క ఎక్కడ మొదలైందో చూపించలేం.