పాట నాకు గొంతిచ్చింది

మా ఇంట్లో గొంతు లేస్తే దెబ్బ పడేది. అందుకని చిన్నప్పుడే చప్పుడు లేకుండా ఏడవడం అలవాటు చేసుకున్నాను. పెద్దయ్యాక దెబ్బలు పోయాయి గానీ అలవాటు పోలేదు. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, ఊపిరి బిగపట్టేసేదాన్ని, గొంతు పూడుకుపోయేది.

ఇప్పుడు నాలాంటివాళ్లకు భక్తి పాటతో ఊరటనిచ్చే హీలర్‌ని. కానీ నేను మొదట వెళ్లింది సైకాలజిస్ట్ దగ్గరికే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పాటతోనే అన్నీ నయమైపోతాయనే వాళ్లంటే నాకు ఒళ్లుమంట. మాట పెగలని రోజుల్లో ఆవిడే అన్నారు, "పోనీ, పెదాలు కలిపి ఊరికే 'మ్' అనండి, ఊపిరి ఉన్నంతసేపు."

అలా సాగదీస్తే పెదాలు, ముక్కు దూలం, రొమ్ము ఎముక సన్నగా అదురుతాయి. ఆ అదురు మీద అరచెయ్యి ఆనించి కూర్చునేదాన్ని. ఇందులో మాయేమీ లేదు. పాడేటప్పుడు గాలి చప్పున పీల్చి నెమ్మదిగా వదులుతాం. వదలడం సాగేకొద్దీ గుండె వేగం తగ్గుతుంది. స్వరపేటికకు వెళ్లే నరాలు వేగస్ నరం కొమ్మలే, గుండెను నెమ్మదింపజేసేదీ ఆ నరమే. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో క్రైస్తవుల జపమాల ప్రార్థన చదివినా, యోగ మంత్రం జపించినా ఊపిరి నిమిషానికి దాదాపు 6 సార్లకు దిగింది. ఏ దేవుడి పేరైనా ఊపిరికి ఒకటేనన్నమాట! ఇది చదివాక నా భక్తి తగ్గలేదు, ఇంకా పెరిగింది.

తర్వాత సంగీతం నేర్చుకున్నాను. శ్రుతి పెట్టుకుని ఒక్క షడ్జం, అంటే 'స' స్వరం, నిలబెట్టడానికే నెలలు పట్టింది. కళ్లు మూసుకుంటే భయం కాబట్టి తెరిచే పాడేదాన్ని, మాస్టారు వద్దనలేదు. ఒకరోజు పై షడ్జం దగ్గర ఏడుపు తన్నుకొచ్చింది, ఈసారి చప్పుడుతో సహా. ఆయన ఏమిటని అడగలేదు, శ్రుతి మాత్రం ఆపలేదు. ఎదుటి మనిషికి నేనూ చేయగలిగింది ఇదేనని అప్పుడే అనిపించింది.

కానీ హీలర్‌గా కూర్చోవడానికి పాట వస్తే సరిపోదు. ఎవరైనా ఏడిస్తే నా ఊపిరీ బిగుసుకునేది. అది సర్దుకునేదాకా ఎవరినీ కూర్చోబెట్టుకోవద్దని సైకాలజిస్ట్ చెప్పారు, విన్నాను. మ్యూజిక్ థెరపిస్ట్‌నని ఇప్పటికీ చెప్పుకోను. అది వేరే చదువు, క్లినికల్ శిక్షణ కావాలి. మందులు ఆపమని చెప్పను. చచ్చిపోవాలనుంది అన్నవాళ్లను డాక్టర్ దగ్గరికి పంపుతాను, అవసరమైతే వెంట వెళ్తాను.

వచ్చినవాళ్లను ఏం జరిగిందని అడగను. తలుపు దగ్గరి కుర్చీ వాళ్లది. అడగకుండా ముట్టుకోను. ఎప్పుడు ఆపమన్నా, పల్లవి మధ్యలోనైనా సరే, ఆపేస్తాను. చిన్నప్పుడు 'వద్దు' అంటే ఎవరూ ఆగని మనిషికి ఈ ఆపడమే సగం వైద్యమని నా నమ్మకం.

కొందరికి భక్తి పాట అసలు పడదు. ప్రార్థన పేరుతో దెబ్బలు తిన్నవాళ్లున్నారు, బలవంతంగా పాడించగా విసిగిపోయినవాళ్లున్నారు. అలాంటప్పుడు దేవుడి పేరు, సాహిత్యం అన్నీ పక్కనపెట్టి ఉత్త శ్రుతి వేసుకుని కూర్చుంటాం. కొన్నాళ్లకు వాళ్లే సన్నగా రాగం కలుపుతారు. కొందరు మళ్లీ రారు. ఎందుకు రాలేదని ఫోన్ చేసి అడగను.