మ్యూనిక్‌లో ఐఈఎల్‌టీఎస్: నా అనుభవం

కెనడా పీఆర్ కోసం ఐఈఎల్‌టీఎస్ రాయాల్సొచ్చినప్పుడు నేను మ్యూనిక్‌లో ఉన్నాను. కోచింగ్ దండగ, మా టీమ్‌లోనే అసలు సిసలు ఇంగ్లండ్ మనిషి ఉన్నాడు, రాసినవి ఆయనకి చూపిస్తే చాలనుకున్నా. ఆయన సొంతూరు లీడ్స్. ఇరవై ఏళ్ల పైనుంచి ఇక్కడే కాపురం, భార్య జర్మన్, ఇంట్లోనూ ఆఫీసులోనూ మాట్లాడేది ఎక్కువగా జర్మనే.

పాపం, ఓపికగానే దిద్దేవాడు. కానీ లెటర్‌లో నేను "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని రాస్తే దాని జోలికే పోలేదు. మనం "ఐదేళ్లుగా ఉంటున్నాను" అంటాం కాబట్టి ఇంగ్లీషులోనూ అలాగే వచ్చేస్తుంది, జర్మన్‌లో కూడా "సైట్" తగిలించి వర్తమాన కాలమే వాడతారు, దాంతో ఆయన చెవికి అందులో తేడా ఏమీ తగల్లేదు! ఆన్‌లైన్‌లో పెట్టుకున్న ట్యూటర్ మేడమ్ మాత్రం చూడగానే పట్టేసింది: "హ్యావ్ బీన్ లివింగ్", "ఫర్ ఫైవ్ ఇయర్స్".

ఇంకోటి మరీ తమాషా. ఆయన మెయిల్‌లో "సెండ్ మీ ద రిపోర్ట్ అంటిల్ ఫ్రైడే" అని రాసేవాడు. జర్మన్‌లో "లోపు"కీ "వరకు"కీ కలిపి "బిస్" ఒక్కటే. మనకి రెండూ వేరు కదా, అందుకే అక్కడ "బై" ఉండాలని నాకు వెంటనే తట్టింది. చెప్తే పగలబడి నవ్వాడు, వాళ్లమ్మ కూడా ఫోన్లో ఇలాగే ఏడిపిస్తుందట.

వేరే భాషలో మునిగిపోయి సొంత భాష మీద పట్టు సడలడాన్ని లాంగ్వేజ్ అట్రిషన్ అంటారు, మోనికా ష్మిడ్ లాంటి భాషా పరిశోధకులు ఏళ్లుగా దీనిమీదే పనిచేస్తున్నారు. పెద్దయ్యాక దేశం దాటినవాళ్లకి వ్యాకరణం మొత్తం ఊడిపోవడం అరుదు, ఎక్కువగా మాటల కోసం తడుముకుంటారు. బ్రిటన్‌లో ఉంటున్న స్పానిష్ వాళ్ల మీద 2016లో ఒక అధ్యయనం వచ్చింది, కనీసం వారం పాటు స్పానిష్ మధ్యే గడిపినవాళ్లలో ఆ ప్రభావం తగ్గింది. నాకు నమ్మబుద్ధేసింది, ఎందుకంటే క్రిస్మస్‌కి లీడ్స్ వెళ్లొచ్చాక ఈయన మెయిల్స్‌లో ఆ "అంటిల్" కొన్నాళ్లు మాయమైంది. ఫిబ్రవరికల్లా మళ్లీ హాజరు.

చివరికి పని పంచేశా: రైటింగ్ మేడమ్‌కి, స్పీకింగ్, లిజనింగ్ ఈయనకి. కెనడా వాళ్లు భాషా సామర్థ్యాన్ని కొలిచే సీఎల్‌బీ స్కేలు మీద 9 రావాలంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింట్లో 7 చొప్పున కావాలి. లిజనింగ్‌లో ఇబ్బందే రాలేదు, లీడ్స్ యాస అలవాటైన చెవికి రికార్డింగ్‌లో గొంతులు చాలా నిదానంగా వినిపించాయి. టెన్షన్ పెట్టింది రైటింగే, అదీ సరిగ్గా 7 దగ్గర ఆగింది.