అమ్మ సూట్‌కేసు, ఆవకాయ, మాంట్రియల్ ఒప్పందం

పోయిన నెల అమ్మ డాలస్‌లో ఉన్న చెల్లి దగ్గరికి వెళ్ళింది, హైదరాబాద్‌లో ఎక్కి మధ్యలో గల్ఫ్‌లో ఫ్లైట్ మారి. అమ్మ దిగింది, ఒక సూట్‌కేసు దిగలేదు. ఐదో రోజు ఇంటికి తెచ్చిచ్చారు, ఒక పక్క సొట్టపడి, చక్రం ఊడి, లోపల ఆవకాయ డబ్బా పగిలి నూనంతా రెండు ఉప్పాడ చీరలకి పట్టేసి.

సరే, కంప్లైంట్ ఏ చట్టం కింద పెట్టాలి? టికెట్ కొన్నది ఇక్కడ, కంపెనీ ఇంకో దేశానిది, పెట్టె ఎక్కడ నలిగిందో దేవుడికే తెలియాలి, చేతికొచ్చిందేమో టెక్సాస్‌లో. చెల్లి వాళ్ళాయన అమెరికా చట్టం అంటాడు, నేను మన కన్స్యూమర్ కోర్టు అన్నా, తీరా చదివితే ముందు చూడాల్సింది అంతర్జాతీయ విమాన ప్రయాణాల మీద దేశాల మధ్య 1999లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందమట. మన దేశం 2009లో చేరింది, అమెరికా అంతకుముందే ఉంది.

దీనికి ముందుది 1929 నాటి వార్సా ఒప్పందం. అందులో లగేజీకి కిలోకి 250 ఫ్రాంకులు, అదీ బంగారంతో లెక్కగట్టే ఫ్రాంకులు. అంటే పట్టుచీరైనా పాత పేపరైనా కాటా మీద ఒకటే! మాంట్రియల్‌లో కాటా తీసేసి మనిషికి ఇంత అన్నారు, మొదట 1,000 ఎస్‌డీఆర్, 2024 డిసెంబర్ 28 నుంచి 1,519. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) వాళ్ళు డాలర్, యూరో, యువాన్, యెన్, పౌండ్ కలిపి కట్టే లెక్క, ఆ 1,519 మన డబ్బుల్లో లక్షన్నర దాటుతుంది. కానీ అది గరిష్ఠం మాత్రమే, ఎంత పోయిందో చూపించాల్సింది మనమే.

నాకు నచ్చింది ఒప్పందం పేరు. రెండిట్లోనూ "కొన్ని నియమాల ఏకీకరణ" అనే ఉంటుంది, అన్నీ కలిపేశాం అని గొప్పలు పోలేదు. ఆ కొన్నిట్లో మాత్రం భలే పట్టు. సామాను పాడైతే చేతికొచ్చిన 7 రోజుల్లో రాసివ్వాలి, ఆలస్యమైతే 21 రోజులు, కేసు వెయ్యాలంటే రెండేళ్ళు. చెల్లి "వీకెండ్‌లో చూద్దాంలే అన్నయ్యా" అంది, అప్పటికి ఎనిమిదో రోజు అయిపోయేది, నేనే ఆ రాత్రి కూర్చుని మెయిల్ కొట్టా. ఇంకోటి, అమ్మది రానూపోనూ టికెట్ కదా, అలాంటప్పుడు గమ్యం కింద లెక్కేసేది మళ్ళీ హైదరాబాదే, కాబట్టి కేసు ఇక్కడే వేసుకోవచ్చు.

వారానికి జవాబొచ్చింది. సామానులోనే ఉన్న లోపం వల్ల జరిగిన నష్టానికి మాకు బాధ్యత లేదు, పచ్చడి కారడం అలాంటిదే అని. ఆ మినహాయింపు ఒప్పందంలో నిజంగానే ఉంది, కాదనను. కానీ డబ్బా దానంతటదే కారలేదు కదా, పెట్టె నలిగితే పగిలింది! ఆ ముక్కే తిరిగి రాశా. ఈసారి సూట్‌కేసు వరకు ఇస్తాం, చీరలకి బిల్లులు పంపండి అన్నారు. అమ్మకి చెప్తే "నేసినవాళ్ళ ఇంటికెళ్ళి కొనుక్కున్న చీరకి బిల్లేంట్రా" అంది.

నేనైతే వదల్లేదు, నిన్న ఇంకో మెయిల్ పెట్టా, సొట్ట మీద స్కేలు పెట్టించి తీయించిన ఫోటోతో సహా.