పశువైద్య సిబ్బంది కోసం ప్రకటన రాసేటప్పుడు

"వెటర్నరీ డాక్టరు కావలెను. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. ఆకర్షణీయమైన జీతం." విశాఖపట్నంలో పెంపుడు జంతువుల క్లినిక్కుల ప్రకటనలు చాలావరకు ఈ మూడు ముక్కలతోనే ముగుస్తున్నాయి. ఎం.వి.పి. కాలనీలో ఒక చిన్న క్లినిక్ నిర్వహణ చూసుకుంటున్న నాకు ఇలాంటి ప్రకటన కనబడినప్పుడల్లా బాధ కలుగుతుంది. జీతం ఎంతో, రాత్రి డ్యూటీలు ఉన్నాయో లేవో, పక్కన మరో డాక్టరు ఉంటారో ఉండరో చెప్పని ప్రకటన చూసి, ఉన్న ఉద్యోగం వదులుకుని రావాలని ఎవరికి అనిపిస్తుంది?

ముందుగా ఆ ప్రకటన చదివేది ఎవరో ఆలోచించాలి. బి.వి.ఎస్‌సి. అండ్ ఎ.హెచ్. అనే పశువైద్య డిగ్రీ కోర్సు ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మనకు దగ్గరలో విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు కళాశాలల్లో చదివిన ఉత్తరాంధ్ర పిల్లలు కూడా ఇంటికి దగ్గరలో పని దొరికితే బాగుంటుందని చూస్తుంటారు. అయితే వీరిలో చాలామంది ప్రభుత్వ పశువైద్య సహాయ సర్జను ఉద్యోగానికో, పీజీ ప్రవేశ పరీక్షకో చదువుకుంటూ ఉంటారు. ఆ సంగతి దాచిపెట్టి చేరవలసిన పరిస్థితి వారికి కల్పించడం కన్నా, "పరీక్షకు ముందు చదువుకోవడానికి సెలవు ఇస్తాము, మానేసేటప్పుడు నెల ముందు చెబితే చాలు" అని మనమే రాయడం ఇద్దరికీ మేలు. అలా చేరినవారు ఉన్నన్నాళ్లూ మనసు పెట్టి పని చేస్తారని నా నమ్మకం.

జీతం విషయంలో నాది ఒకటే మాట: అంకె వేయాలి. కనీసం ఇంత, అనుభవాన్ని బట్టి గరిష్ఠంగా ఇంత అని రాస్తే, ఆ మొత్తం సరిపోనివారు ముందే తప్పుకుంటారు, సరిపోయేవారు ధైర్యంగా ఫోన్ చేస్తారు. పక్క క్లినిక్ వారికి తెలిసిపోతుందన్న భయం అనవసరం. ఇంత చిన్న వృత్తిలో ఎవరు ఎంత ఇస్తున్నారో బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో అందరికీ తెలిసే ఉంటుంది.

అన్నిటికన్నా వివరంగా రాయవలసింది పని వేళల గురించి. పార్వో అనే వైరస్ వ్యాధి సోకిన కుక్కపిల్లలకు రాత్రివేళ కూడా సెలైన్ ఎక్కించవలసి వస్తుంది, ఈనలేక ఇబ్బంది పడుతున్న పిల్లికి అర్ధరాత్రి ఆపరేషన్ చేయవలసి రావచ్చు. ఇవి ఈ పనిలో తప్పనివి కనుక "వేళలు అవసరాన్ని బట్టి" అన్న మాట వెనుక వాటిని దాచకూడదు. నెలలో ఎన్ని రాత్రులు, ఆ మరునాడు సెలవు ఉంటుందా, అదనపు భత్యం ఎంత, తోడుగా ఎవరుంటారు అన్నవి విడివిడిగా చెప్పాలి. గాజువాక నుంచో పెందుర్తి నుంచో వచ్చే అమ్మాయి, రాత్రి సిటీ బస్సులు ఆగిపోయాక ఇంటికి ఎలా చేరుతుందో కూడా మనమే ఆలోచించి, వాహనం ఏర్పాటు చేస్తామనో, ఉండటానికి గది ఉందనో ప్రకటనలోనే రాయాలి. పశువైద్య కళాశాలల్లో ఇంతమంది అమ్మాయిలు చదువుతున్న రోజుల్లో ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల ఎందరు మంచి డాక్టర్లు దరఖాస్తే పెట్టకుండా ఊరుకుంటున్నారో కదా.

డాక్టరుకూ, సహాయకుడికీ, కెన్నెల్ (జంతువులను ఉంచే చోటు) శుభ్రం చేసే మనిషికీ కలిపి ఒకే ప్రకటన ఇవ్వడం మరో పొరపాటు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరు అయిన డాక్టరే వైద్యం చేయాలి. పశుసంవర్ధక డిప్లొమా చదివినవారు డాక్టరు పర్యవేక్షణలో, అనుమతించిన చిన్నపాటి సేవలే అందించాలి. కాబట్టి సహాయకుల ప్రకటనలో "సొంతంగా కేసులు చూడగలగాలి" అని రాయడం సరికాదు, అది చదివి చేరే కుర్రవాడిని ప్రమాదంలోకి నెట్టినట్టే. జంతువును కదలకుండా పట్టుకోవడం, సెలైన్ గమనించడం, ఆపరేషన్ సామగ్రి స్టెరిలైజ్ చేయడం, యజమానులతో మర్యాదగా మాట్లాడటం అని పనులనే రాస్తే చాలు. కెన్నెల్ పనివారి ప్రకటన మాత్రం తప్పనిసరిగా తెలుగులో ఉండాలి; ఆ పనికి వచ్చేవారు ఇంగ్లీషు పోస్టరు చదివి వస్తారనుకోవడం న్యాయం కాదు.

ఈ అందరికీ వర్తించే వాక్యం ఇంకొకటి ఉంది. జంతువు కరవకముందే వేసుకునే రేబిస్ ముందస్తు టీకా మొదలుపెట్టిన రోజునా (0వ రోజు), 7వ రోజునా, ఆ తర్వాత 21 లేదా 28వ రోజునా మూడు మోతాదులుగా వేస్తారు. ఆ ఖర్చు క్లినిక్ భరిస్తుందనీ, కరిచినప్పుడు చికిత్స చేయించే బాధ్యత కూడా తనదేననీ ప్రకటనలో ఉండి తీరాలి. ఎక్స్‌రే ఉన్నచోట కిరణాల నుంచి కాపాడే లెడ్ (సీసం) ఆప్రాన్ ఇస్తామన్నది కూడా చేర్చాలి. కొత్తగా చదువు ముగించినవారికైతే సర్జరీలు ఎవరి పక్కన నిలబడి నేర్చుకుంటారన్నది జీతమంత ముఖ్యం, కనుక సీనియర్ డాక్టరు ఏయే రోజుల్లో ఉంటారో రాయడం మరవకూడదు.

చివర్లో ఫోన్ నంబరు ఒక్కటే వేయకుండా, ఎవరిని అడగాలో, ఏ వేళలో చేయాలో, ఎన్ని రోజుల్లో జవాబు చెబుతారో కూడా రాయాలి. పని చూపించడానికి ఒక రోజు రమ్మంటే ఆ రోజు కూలి ఇవ్వాలి, ఇస్తామని ముందే చెప్పాలి. మనిషి దొరికాక ఆ సాయంత్రమే గ్రూపులన్నిటిలో ప్రకటన తీసేసి, దరఖాస్తు పెట్టిన మిగతావారికి ఆ సంగతి తెలియజేయాలి.