నెట్ ఫిజిక్స్: నాన్‌లీనియర్ డైనమిక్స్ నేనెలా చదివానంటే

ఫ్రెండ్స్, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో ఫిజికల్ సైన్సెస్‌కి చదివేవాళ్ళ కోసం ఇది. క్లాసికల్ మెకానిక్స్ సిలబస్‌లో డైనమికల్ సిస్టమ్స్, ఫేజ్ స్పేస్, స్టెబిలిటీ ఎనాలిసిస్ అని ఒక్క లైన్ ఉంటుంది, చాలామంది లగ్రాంజియన్, హామిల్టోనియన్ అయ్యాక దాన్ని వదిలేస్తారు, దయచేసి వదలొద్దు. పార్ట్ సీలో ఒక్కో ప్రశ్నకి 5 మార్కులు, ఈ టాపిక్ లెక్కలేమో పద్ధతి తెలిస్తే నాలుగు లైన్లలో తేలిపోతాయి.

నేను లాజిస్టిక్ మ్యాప్‌తో మొదలుపెట్టా. ఎక్స్ స్థానంలో ఆర్ ఎక్స్ (1−ఎక్స్) పెట్టుకుంటూ పోవడమే. ఫిక్స్‌డ్ పాయింట్ (అంటే పెట్టినా మారని విలువ) 1−1/ఆర్, అక్కడ స్లోప్ 2−ఆర్, దాని మాడ్యులస్ 1 దాటితే స్టెబిలిటీ పోయినట్టే, అంటే ఆర్ 3 దాటాక, అక్కడి నుంచి ఎక్స్ రెండు విలువల మధ్య ఊగుతుంది. 3.449 దగ్గర ఆ రెండూ మళ్ళీ రెట్టింపై నాలుగవుతాయి, 3.57 దగ్గర కేయాస్ (ఏ వరసా రిపీట్ కాని గందరగోళం) మొదలు. ఇవి బట్టీ పట్టకండి, క్యాలిక్యులేటర్‌లో ఆర్ 3.2 పెట్టి 0.3 నుంచి కొడుతూ పోండి, కాసేపటికి 0.513, 0.799 ఈ రెండిటి మధ్యే తిరుగుతూ ఉంటుంది, ఒక్కసారి చూస్తే ఇంక మర్చిపోరు.

టూ డైమెన్షన్స్‌కి ఫిక్స్‌డ్ పాయింట్ దగ్గర జాకోబియన్ (పార్షియల్ డెరివేటివ్స్ మ్యాట్రిక్స్) రాసి ట్రేస్, డిటర్మినెంట్ చూడటం చాలు. డిటర్మినెంట్ నెగటివ్ అయితే సాడిల్, అంటే ఒక దిశలో దగ్గరికి లాగి ఇంకో దిశలో దూరంగా తోసే పాయింట్.

ప్యాటర్న్ ఫార్మేషన్ (చారలు, షడ్భుజాల లాంటి ఆకారాలు వాటంతటవే ఏర్పడటం) పేరు సిలబస్‌లో లేదు కానీ పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు తప్పకుండా చూడండి, నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. అదే స్టెబిలిటీ ప్రశ్నని ఇక్కడ ఒక్కో వేవ్ నంబర్‌కి విడిగా అడుగుతాం, అంతే. 1977 నాటి స్విఫ్ట్–హోహెన్‌బర్గ్ ఈక్వేషన్‌లో గ్రోత్ రేట్ ఆర్ − (1−క్యూ²)², ఇందులో క్యూ అంటే వేవ్ నంబర్, ఈ ఆర్ లాజిస్టిక్ మ్యాప్‌లోది కాదు. ఆర్ సున్నా కన్నా తక్కువుంటే అన్ని అలలూ చచ్చిపోతాయి, సున్నా దాటగానే ముందు పెరిగేది క్యూ = 1 ఒక్కటే, అంటే చారల మధ్య దూరం ఎంతో ఈక్వేషనే చెప్పేస్తోంది! కింద వేడి చేసిన ద్రవంలో రోల్స్ వచ్చేదీ ఇలాగే, రెండు గట్టి ప్లేట్ల మధ్య అయితే రేలీ నంబర్ (వేడి ద్రవాన్ని ఎంత బలంగా కదిలించగలదో చెప్పే సంఖ్య) 1708 దాటాలి. బెనార్ 1900లో చూసిన షడ్భుజాలకి మాత్రం అసలు కారణం సర్ఫేస్ టెన్షన్, ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల సైట్) ఐఐటీ మద్రాస్ బాలకృష్ణన్ గారి క్లాసికల్ ఫిజిక్స్ లెక్చర్లు ఫ్రీగా ఉన్నాయి, పెన్ను పట్టుకుని వినండి, ఫేజ్ పోర్ట్రెయిట్ ఆయన గీసేలోపే వీడియో ఆపి మీరు గీయండి.