కంచు గద్ద అడిగిన పొడుపు కథ

గురువారం, రాత్రి పదకొండున్నర

పొద్దున ఫిల్టర్‌లో డికాక్షన్ దిగేలోపు ఫోన్ తీశాను. లేవగానే చూడకూడదని నిన్న రాత్రే ఒట్టు పెట్టుకున్నాను, అయినా తీశాను. నా కథ నచ్చిందని కుడోస్ మెయిల్ వచ్చింది. ఇద్దరు పేర్లున్నవాళ్ళు, నలుగురు గెస్టులు, అంటే ఖాతా లేకుండా చదివేవాళ్ళు. పాలు పొంగాయి. అమ్మ ఏమీ అనకుండా గుడ్డ తెచ్చి స్టవ్ తుడిచింది. అదే తిట్టు.

ఇక్కడ రాసుకోకపోతే ఇంకెక్కడా రాయలేని సంగతి ఇది. రెండేళ్ళుగా నేను హ్యారీ పాటర్ లోకంలోని పద్మా పాటిల్ మీద కథ రాస్తున్నాను. ఫ్యాన్‌ఫిక్షన్ అంటారు, వేరొకరి పాత్రలతో అభిమానులు రాసుకునే కథ. ఇంగ్లీషులో, మారుపేరుతో. పెట్టేది అలాంటి కథల సైట్ ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో, అదే, అందరూ ఏఓ3 అనేదాంట్లో. ఆఫీసులో ఎవరికీ తెలీదు. అమ్మకు తెలుసు. తను మొదటి పుస్తకం తెలుగు అనువాదం, పరుసవేది, చదివింది కాబట్టి "ఆ మంత్రాల బడి ఎంతవరకు వచ్చింది?" అని అప్పుడప్పుడు అడుగుతుంది. టైలర్ దగ్గరిచ్చిన జాకెట్టు గురించి అడిగినట్టే అడుగుతుంది.

పద్నాలుగు అధ్యాయాలు అయ్యాయి. 2,300 హిట్లు (కథ తెరిచిన లెక్క), 146 కుడోస్, 61 కామెంట్లు. ఆ 61లో సగం నేనిచ్చిన జవాబులే, అవి కూడా లెక్కలో కలుస్తాయి. కుడోస్ అంటే ఒక గుండె బొమ్మ. ఒక కథకి ఒక మనిషి ఒక్కసారే నొక్కగలరు, రెండోసారి నొక్కితే ఇదివరకే ఇచ్చారని గుర్తు చేస్తుంది. అందుకే తర్వాతి అధ్యాయాలు నచ్చినవాళ్ళు కామెంటులో "ఎక్స్‌ట్రా కుడోస్" అని రెండు ముక్కలు రాసి పోతారు. మొదట్లో ఇదేం పలకరింపురా అనుకునేదాన్ని. ఇప్పుడు పెళ్ళి భోజనంలో రెండోసారి పప్పు అడిగినవాడి మీద వంటవాడికి ఎంత ప్రేమ పుడుతుందో నాకూ అంతే పుడుతోంది.

మెట్రోలో మియాపూర్‌లో సీటు దొరికింది. అమీర్‌పేట దాకా కామెంట్లు మళ్ళీ చదివాను. అన్నీ మంగళవారం పెట్టిన పద్నాలుగో అధ్యాయం గురించే. కానీ దాని కథ మూడో అధ్యాయంలో మొదలైంది.

ఆ బడిలో పిల్లల్ని నాలుగు జట్లుగా విడదీస్తారు, పద్మది రేవెన్‌క్లా. సినిమాల్లో అక్కచెల్లెళ్ళిద్దరినీ గ్రిఫిండోర్‌లో కలిపేశారు గానీ పుస్తకాల్లో పార్వతి అక్కడ, పద్మ ఇక్కడ. ఇద్దరు కవలలు ఒకే కోటలో వేరు వేరు గదుల్లో పెరగడం, ఆ ఒక్క సంగతి కోసమే నేను కథ మొదలుపెట్టాను. అంత ముఖ్యమైన చోట ఏం చేశానంటే, పద్మ తన గోపురం తలుపు దగ్గర నిలబడి పాస్‌వర్డ్ గొణిగినట్టు రాశాను. రాత్రి ఒంటిగంటకు పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఐదుగురు వచ్చి చెప్పారు. పాస్‌వర్డ్ గ్రిఫిండోర్ వాళ్ళకి, వాళ్ళ గుమ్మానికున్న లావుపాటావిడ బొమ్మ అడుగుతుంది. రేవెన్‌క్లా తలుపుకి పిడీ ఉండదు, తాళం కన్నమూ ఉండదు. కంచుతో చేసిన గద్ద ఒకటి ఉంటుంది. తలుపు తడితే ప్రశ్న వేస్తుంది, జవాబు చెబితేనే తెరుస్తుంది. తెలియకపోతే తెలిసినవాళ్ళు వచ్చేదాకా బయట నిలబడాలి.

ఐదుగురిలో నలుగురు మర్యాదగానే చెప్పారు. ఒకాయన మాత్రం, ఆయనో ఆమో, "పుస్తకం చదివారా?" అని ఒక్క వాక్యం రాశారు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. ఒకటా రెండా, ఏడు పుస్తకాలూ ఎన్నిసార్లు చదివానో లెక్కే లేదు!

పాత రోజుల్లో ఇదేం పెద్ద మాట కాదు. 1998లో మొదలైన ఫ్యాన్‌ఫిక్షన్.నెట్‌ అనే సైట్‌లో అసలు కామెంట్ల పేరే రివ్యూలు. చదివినవాళ్ళు ఎగ్జామినర్లలా మార్కులు వేసేవాళ్ళు, రాసినవాళ్ళు "ఐదు రివ్యూలు వస్తేనే తర్వాతి అధ్యాయం" అని బెదిరించేవాళ్ళు. ఇప్పుడు మర్యాద మారింది. రచయిత అడగకుండా తప్పులు ఎత్తి చూపడం మొరటుతనమని చాలామంది అనుకుంటున్నారు. నచ్చకపోతే చదవకు, అంతే. నేను రెండు కాలాలూ చూశాను. ఈ కొత్త మర్యాద నాకు సుఖంగానే ఉంది, కానీ ఆ ఐదుగురూ మర్యాదకు పోయి నోరు మూసుకుని ఉంటే పద్మ ఈ రోజుకీ తప్పు తలుపు ముందే నిలబడి ఉండేది. ఆ బడిలో మెట్లవరసలు 142 అని కంఠతా వచ్చినవాళ్ళ ముందు కథ చెబుతున్నాను నేను. మా ఊరి గురించి ఎవరైనా రాస్తూ రావిచెట్టును బస్టాండుకు అవతలి పక్క నాటితే నేను ఊరుకుంటానా? వాళ్ళూ అంతే. అది వాళ్ళ ఊరు.

తప్పు దిద్దుకున్నాను. దిద్దాక ఆ గద్ద నన్ను వదల్లేదు. ఈసారి దాని చేత ప్రశ్న అడిగించాలి. మంగళవారం అధ్యాయంలో అడిగించాను, మా అమ్మమ్మ దగ్గర అప్పు తెచ్చుకుని.

అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది.

ఇంగ్లీషులోకి తేవడానికి రెండు వారాలు పట్టింది. తైతక్కలకు సరైన మాట దొరకలేదు. నా కథలో గద్ద అడుగుతుంది, పద్మ తడుముకోకుండా కవ్వం అంటుంది, తలుపు తెరుచుకుంటుంది. నేను అనుకున్నది అంతే. చదివేవాళ్ళు జవాబు దాకా పోకుండా మధ్యలోనే ఆగి తమ జవాబులు రాస్తారని కలలో కూడా అనుకోలేదు.

మొదటి కామెంట్: చీపురు. నిజమే కదా! ఆ లోకంలో ఇంటికొచ్చిన చీపురు ఊరుకుంటుందా, ఎగురుతుంది, గెంతుతుంది. రెండో కామెంట్: మంత్రదండం. ఇది ఇంకా నిజం. చెట్టులోంచి వచ్చిన కర్ర, చేతిలో ఆడుతుంది. ఇంకొకరు గిటార్ అన్నారు. ఒక పిల్ల, రాసిన తీరు చూస్తే పిల్లే, క్రిస్మస్ చెట్టు అంది, తైతక్కల సంగతి మాత్రం వివరించలేదు. ఆఫీసులో నెలాఖరు లెక్కలు టాలీ కావడం లేదని మేనేజర్ గారు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంటే, నేను మనసులో చీపురా, కవ్వమా అని కొట్టుకుంటున్నాను. ఏడో పుస్తకంలో గద్ద అడిగిన దానికి లూనా అనే రేవెన్‌క్లా పిల్ల చెప్పే జవాబు ఎక్కడా రాసిపెట్టి ఉన్నది కాదు, బాగా ఆలోచించావని మెచ్చుకునే అది తలుపు తెరుస్తుంది. ఆ లెక్కన చీపురుకీ తెరవాలి. మంత్రదండానికీ తెరవాలి. ఆ మంత్రాల బడి హాగ్వర్ట్స్‌లో నిలబడి చూస్తే కవ్వమే అన్నిటికన్నా వెనకబడ్డ జవాబు.

పాఠకులు కథకు జవాబు చెప్పడం నాకు కొత్త కాదు. 2015 ఫిబ్రవరి ఆఖరున మెథడ్స్ ఆఫ్ ర్యాషనాలిటీ అనే పెద్ద ఫ్యాన్‌ఫిక్షన్ చివరికొచ్చింది. హ్యారీని తప్పించుకోలేని చోట నిలబెట్టి, ఎలా బయటపడతాడో మీరే చెప్పండి, 60 గంటలు టైమిస్తున్నాను, చెప్పలేకపోతే కథ చిన్నగా, విషాదంగా ముగుస్తుంది అని రచయిత షరతు పెట్టాడు. రివ్యూలు వరదలా వచ్చిపడ్డాయి. నేను అప్పుడు అమీర్‌పేట హాస్టల్లో ఉన్నాను, వైఫై సిగ్నల్ మెట్ల మీద మాత్రమే వచ్చేది. ఆ మెట్ల మీద దోమల మధ్య కూర్చుని నేనూ ఒక జవాబు పంపాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అంత పిచ్చి జవాబు. ఎవరో సరైనది చెప్పారు, హ్యారీ బతికాడు, మార్చి 14న కథ అయిపోయింది. నా జవాబు పనికిరాలేదని నాకేం బాధ కలగలేదు. ఆ 60 గంటలూ నేను ఆ బడిలోనే ఉన్నాను.

మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ తెరిచి, ఇంకో చేత్తో ఫోన్ తెరిస్తే రెండు కొత్త కామెంట్లు.

మొదటిది మరాఠీ అమ్మాయి రాసింది. తను మరాఠీ అని తనే చెప్పుకుంది. చాలా బాగుంది, ఒక్క సందేహం, పాటిల్ అంటే మా వైపు పేరు కదా, పద్మకు ఈ పొడుపు కథ ఎవరు చెప్పారు అని. గుటక పడలేదు. పాయింటే. నాకు అమ్మమ్మ చెప్పింది కాబట్టి పద్మకూ చెప్పించేశాను, అంత బద్ధకం. కవలలిద్దరినీ తెలీకుండానే తెలుగువాళ్ళను చేసేశాను.

రెండోది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "కవ్వం కదా అండీ? చదువుతూనే అనేశాను. మా నాయనమ్మ అడిగేది. ఇక్కడ ఇది కనిపిస్తుందనుకోలేదు." అంతే. పేరు లేదు, ఊరు లేదు, గెస్ట్. మొత్తం 61 కామెంట్లలో నాకు వెంటనే జవాబు రాయడం చేతకానిది ఇదొక్కటే. పెరుగన్నం తినకుండానే బాక్స్ మూసేశాను.

ఇంటికొచ్చాక అమ్మకు పాటిల్ సంగతి చెప్పాను. మూలంలో లేనిది నేను పెట్టానేమో అన్నాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "శశిరేఖ సంగతి వ్యాసుడికి తెలుసా?" అంది. మాయాబజార్ 1957లో వచ్చింది, ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒక్కరూ భారతంలో ఈ పెళ్ళెక్కడుందని అడగలేదు. నిజమే గానీ, అమ్మ మాట పూర్తిగా ఒప్పుకోను. భారతంలో లేని శశిరేఖను మనవాళ్ళు తమ ఇంటి పిల్లను చేసుకున్నారు, అది వేరు. మరాఠీవాళ్ళ పిల్లను నేను అడక్కుండా తీసుకున్నాను, ఇది వేరు. దానికి ఏదో దారి చూపించాలి.

దారి మంచం మీదే ఉంది. సోలాపూర్ దుప్పటి. మగ్గం పని కోసం ఇక్కడినుంచి వెళ్ళి సోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. పద్మ అమ్మమ్మ ఇల్లు సోలాపూర్‌లో పెడతాను. పక్కింట్లో నేతపని చేసే తెలుగావిడ, ఎండాకాలం సెలవులకు వచ్చిన కవలలిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి పొడుపు కథలు వేస్తుంది. పార్వతి కొంచెంసేపు విని ఆడుకోవడానికి పోతుంది. పద్మ కూర్చుంటుంది. పదిహేనో అధ్యాయం ఇదే. ఆ అమ్మాయి అడక్కపోతే ఈ ముసలావిడ పుట్టేదే కాదు.

భోజనాల దగ్గర మా అక్క కూతురు కంచం పక్కన ఫోన్ ఆనించి చదువుతోంది. ఇంటర్ మా ఇంట్లో ఉండే చదువుతోంది. ఏంటే అది అంటే, "ఫ్యాన్‌ఫిక్ పిన్నీ, నీకు తెలీదులే" అంది. అమ్మ నా వైపు చూసింది. నేను చారు పోసుకున్నాను.

"ఎన్ని చదివావు ఇప్పటికి?"

"వందకి పైనే ఉంటాయి."

"నచ్చినవాటికి ఏమైనా రాస్తావా, రాసినవాళ్ళకి?"

"చదివాను కదా పిన్నీ. ఇంకేం రాయాలి?" అంది. నిజంగానే అర్థం కాక అడిగింది. "నేను రాస్తే వాళ్ళకేంటి? అంతమంది చదువుతుంటారు."

నా 2,300 హిట్లలో ఎక్కువభాగం ఎవరో ఇప్పుడు తెలిసింది. ఇలాగే కంచం పక్కన ఫోన్ ఆనించుకుని, చారన్నం తింటూ, నచ్చిందని ఎవరికీ చెప్పకుండా లేచి చెయ్యి కడుక్కునేవాళ్ళు. వీళ్ళ మీద నేను రెండేళ్ళుగా మనసులో ఎంత గుర్రుగా ఉన్నానో! పాపం, దీనికి గుండె బొమ్మ నొక్కడానికి కూడా మొహమాటం.

పొడుపు కథ వేశాను. తెలుగులోనే.

"మిక్సీ," అంది.

"మిక్సీ అడవిలో పుడుతుందటే?"

"మరి తైతక్కలాడేది అదేగా, ఆన్ చేస్తే ప్లాట్‌ఫాం అంతా తిరుగుతుంది." అమ్మకు నవ్వాగలేదు. కవ్వం అని చెబితే అది బొమ్మ చూపించమంది. మా ఇంట్లో మజ్జిగ చేసేది మిక్సీలోనే, ఎన్నేళ్ళనుంచో. దాని జవాబుకీ గద్ద తలుపు తీయాల్సిందే.

పదింటికి కూర్చుని మరాఠీ అమ్మాయికి థాంక్స్ చెప్పాను, సోలాపూర్ సంగతి మాత్రం చెప్పలేదు, కథలో చదువుతుంది. గెస్ట్‌కి జవాబు నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాను. గెస్ట్ మళ్ళీ వచ్చి చూస్తుందన్న నమ్మకం కూడా లేదు. చివరికి ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను: "అవునండీ, కవ్వమే. మీ నాయనమ్మ గారిది ఏ ఊరు?"

అమ్మను అడిగాను, మన పాత కవ్వం ఏమైంది అని. నిద్రలోనే "అటక మీద ఉండాలి, ఇత్తడి బిందెలో. ఆదివారం బల్ల వేసుకుని ఎక్కి చూడు" అంది.